కంప్యూటర్‌లో తెరిచిన మెయిల్ ఫోన్‌లోంచి ఎందుకు మాయమవుతోంది?

తిరుపతిలో మీ లాడ్జి రిసెప్షన్ కంప్యూటర్ ఆన్ చేయగానే బుకింగ్ మెయిళ్లు మీ ఫోన్‌లోంచి మాయమవుతున్నాయని, కొత్త ఫోన్ కొనాలా అని అడిగారు. కొనొద్దు, అన్నా. ఫోన్‌లో ఏ లోపమూ లేదు. ఆ కంప్యూటర్‌లో మెయిల్‌ను పాప్ పద్ధతిలో పెట్టి ఉంటారు.

నాకూ ఇదే జరిగింది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూస్తాను. తోతాపురి సీజన్‌లో తిండికి కూడా టైం ఉండదు. ఒకసారి చెన్నై పోర్టు దగ్గరుంటే, లేబుల్‌లో మార్పు చెబుతూ సరుకు కొనే పార్టీ మెయిల్ పంపారు. అది ఆఫీసు కంప్యూటర్‌లోకి దిగిపోయింది. నా ఫోన్‌లో ఎంత వెతికినా లేదు. ఆ పూట పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

పాప్‌లో కంప్యూటర్ సర్వర్ నుంచి, అంటే మెయిళ్లు ముందుగా వచ్చి చేరే మెయిల్ కంపెనీ కంప్యూటర్ నుంచి, వాటిని దించుకుంటుంది. సర్వర్‌లో కాపీ ఉంచమనే టిక్ లేకపోతే అక్కడ చెరిపేస్తుంది. ఇక ఫోన్‌కు ఏం మిగులుతుంది? ఐమ్యాప్ అనే ఇంకో పద్ధతిలో అయితే మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, ఫోనూ కంప్యూటరూ దాన్నే చూస్తాయి.

అకౌంట్ సెట్టింగ్స్‌లో ఇన్‌కమింగ్ పోర్టు నంబరు 995 లేదా 110 ఉంటే పాప్, 993 లేదా 143 ఉంటే ఐమ్యాప్. ముందు ఈరోజే ఆ కాపీ టిక్ పెట్టేయండి. ఆపైన ఐమ్యాప్‌కు మారండి. కంప్యూటర్‌లో మెయిల్ చూసే ప్రోగ్రామ్ అవుట్‌లుక్ అయితే, అందులో పాప్ అకౌంట్‌నే ఐమ్యాప్‌గా మార్చడం కుదరదు, అదే అడ్రస్‌ను ఐమ్యాప్‌గా కొత్తగా జోడించాలి. తర్వాత పాత మెయిళ్లను లాగి కొత్త అకౌంట్ ఫోల్డర్లలో వేయండి. అవి ఫోన్‌లో కనిపించాయని చూసుకున్నాకే పాత అకౌంట్ తీయండి. తొందరపడి ముందే తీయకండి, ఆ మెయిళ్లు ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. అవుట్‌లుక్ మూసేసి, అది మెయిళ్లను దాచే పీఎస్‌టీ ఫైల్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే ఇంకా ధైర్యం. ఈ పనంతా బ్రహ్మోత్సవాల రద్దీ మొదలుకాక ముందే పెట్టుకోండి.

జీమెయిల్ అయితే ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే ఫోటోలూ గూగుల్ డ్రైవ్ ఫైళ్లూ పడతాయి. అది నిండితే కొత్త మెయిళ్లు రావు, చూసుకుంటూ ఉండండి.

ఐమ్యాప్‌కు మారాక ఒక చోట డిలీట్ చేస్తే అన్ని చోట్లా పోతుంది. రాత్రి డ్యూటీ అబ్బాయి తెరిచిన మెయిల్ మీ ఫోన్‌లోనూ చదివినట్టే కనిపిస్తుంది, మీరు చూడకుండా దాటేసే ప్రమాదం ఉంది. అందుకే జవాబు ఇవ్వని మెయిల్‌కు జెండా గుర్తు పెట్టమని అతనికి ఇప్పుడే చెప్పండి. జీమెయిల్ యాప్‌లో అది స్టార్‌గా కనిపిస్తుంది.