ఆపరేషన్‌కి తట్టుకోలేరంటే గాల్‌బ్లాడర్‌లో చీము తీయడానికి వేరే దారి ఉందా?

మీ మావయ్యగారికి 76 ఏళ్లు, గుండె వీక్, గాల్‌బ్లాడర్‌లో రాళ్లతో పాటు చీము కూడా పట్టింది, మత్తు ఇస్తే ప్రమాదం అంటున్నారు, కోయకుండా ఏమైనా చేస్తారా అని అడిగారు. చేస్తారండి. పోయినేడాది ఏప్రిల్లో మా నాన్నకి చేశారు.

నాన్నకి గుండె పంపింగ్ 30 శాతం, పైగా సుగర్. చలిజ్వరం, కుడి డొక్క మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. రెండు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించినా జ్వరం దిగకపోయేసరికి పైపు వేద్దామన్నారు. థియేటర్లో కాదు, స్కానింగ్ గదిలోనే. పక్కటెముకల దగ్గర చర్మానికి మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ లివర్ మీదుగా గాల్‌బ్లాడర్లోకి సూది పంపి, అదే దారిలో సన్నటి గొట్టం దింపారు. దాని కొన లోపల పంది తోకలా చుట్టుకుంటుంది, అందుకే పిగ్‌టెయిల్ అంటారు. మొదటిరోజు సంచిలో బురదనీళ్లలాంటి చీము, మూడో రోజుకి పచ్చటి పసరు. అప్పటికే జ్వరం దిగి, నాన్న ఇడ్లీ అడిగారు.

అసలు కష్టం గాజువాకలో మా ఇంటికి వచ్చాకే. డిశ్చార్జి కాగితంలో పైపు గురించి ఒక్క ముక్క కూడా లేదు, చెప్పినవాళ్లూ లేరు, ఆ కోపం నాకింకా ఉంది. మన వైజాగ్ ఉక్కపోత తెలుసు కదా, చెమటకి ప్లాస్టర్ పొద్దున వేస్తే మధ్యాహ్నానికి ఊడేది. పన్నెండో రోజు రాత్రి బాత్రూమ్‌కి లేస్తుంటే సంచి మంచం కోడుకి తట్టుకుని పైపు సగం బయటికొచ్చేసింది. మేం దాన్ని లోపలికి తోయకుండా అలాగే గాజుగుడ్డ అంటించి ఆసుపత్రికి పరిగెత్తాం, మళ్లీ వేశారు. ఆ తర్వాత సంచిని పిన్నీసుతో నాన్న బనీనుకే తగిలించాను, పైపుకి కాస్త వదులు ఉంచి. సిరంజితో సెలైన్ పెట్టి పైపు కడగడం కూడా నర్సు దగ్గర చూసి నేర్చుకున్నాను. ఎన్ని ఎం.ఎల్., ఎన్నిసార్లు అన్నది మీ డాక్టర్ చేతే రాయించుకోండి. సంచిలో రోజూ ఎంత పడుతోందో రాసి పెట్టండి. ఉన్నట్టుండి పడడం ఆగినా, చలి పుట్టినా, కళ్లు పచ్చబడినా తెల్లవారేదాకా ఆగకండి.

బయటికి పైపు లేని పద్ధతులూ రెండున్నాయి. ఒకటి, నోట్లోంచి ఎండోస్కోప్ (కెమెరా ఉన్న గొట్టం) పంపి కడుపు లేదా చిన్నపేగు గోడలోంచి గాల్‌బ్లాడర్‌కి లోహపు స్టెంట్ వేయడం. హాంకాంగ్ డాక్టర్ల నేతృత్వంలో జరిగి 2020లో వచ్చిన ట్రయల్లో, ఏడాదిలో వచ్చిన ఇబ్బందులు పైపు వేసినవాళ్లలో 77.5 శాతం, ఈ స్టెంట్ వేసినవాళ్లలో 25.6 శాతం. కాకపోతే తర్వాత ఆపరేషన్ చేసే ఉద్దేశం ఉంటే ఈ స్టెంట్ అడ్డమవుతుంది. రెండోది ఈఆర్‌సీపీలో, అంటే ఎండోస్కోప్‌ని చిన్నపేగు దాకా పంపి అక్కణ్ణుంచి పసరు నాళం గుండా గాల్‌బ్లాడర్‌లోకి సన్నటి స్టెంట్ వేయడం, పొట్టలో నీరున్నవాళ్లకి, రక్తస్రావం భయం ఉన్నవాళ్లకి ఇది ఆలోచిస్తారు. రెండిటికీ బాగా చెయ్యి తిరిగిన గ్యాస్ట్రో డాక్టర్ కావాలి, అన్నిచోట్లా చేయరు.

ఇంకో మాట. 2018లో నెదర్లాండ్స్ ట్రయల్ ఒకటి వచ్చింది, రిస్కు ఎక్కువున్నవాళ్లలో కూడా పైపు కన్నా ల్యాప్రోస్కోపీకే (చిన్న రంధ్రాలు పెట్టి గాల్‌బ్లాడర్ తీసేసే ఆపరేషన్) ఇబ్బందులు తక్కువని తేలింది. మరీ విషమంగా ఉన్నవాళ్లని మాత్రం అందులో తీసుకోలేదు. అందుకని సర్జన్, కార్డియాలజిస్ట్, మత్తు డాక్టర్ ముగ్గురి చేతా ఆపరేషన్ వద్దనిపించుకున్నాకే పైపుకి ఒప్పుకోండి. పైపు ఎప్పుడు తీస్తారు, తీశాక రాళ్ల సంగతేంటి అని ముందే అడగండి. నాన్నకి ఆరు వారాలకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీసి, పసరు పేగులోకి దిగే దారి తెరుచుకుందని చూసి పైపు తీసేశారు. రాళ్లు ఇంకా ఉన్నాయి, గుండె డాక్టర్ ఒప్పుకుంటే ఈ డిసెంబర్లో ఆపరేషన్.