అత్తమామలు, చిన్న పిల్లలతో తొలిసారి డిస్నీ వరల్డ్‌కు వెళ్ళేటప్పుడు

వేసవి సెలవుల్లో గుంటూరు నుంచి అట్లాంటాలోని తమ్ముడి ఇంటికి వస్తున్నామనీ, అత్తమామలు, తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప వెంట ఉంటారనీ, ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌ను రెండు రోజుల్లో పూర్తిగా చూసి రావడం కుదురుతుందా అనీ మీరు అడిగారు. కుదరదు. మేము అట్లాంటా శివార్లలోనే ఉంటాము. మా అమ్మానాన్నలతో, పిల్లలతో అక్కడికి వెళ్ళాము, ఆ తరువాత ఇండియా నుంచి వచ్చిన బంధువులకు తోడుగా కూడా వెళ్ళాము. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ కుటుంబానికి సరిపడేది మూడు రోజుల టికెట్, మధ్యలో ఒక రోజు పూర్తి విశ్రాంతి. నాలుగు పార్కుల్లో ఒకదాన్ని ఇంటి దగ్గరే వదిలేసుకుని బయలుదేరండి.

డిస్నీ వరల్డ్ అనగానే ఒక ప్రహరీ, ఒక గేటు ఉన్న ప్రదేశమని మనవాళ్ళు అనుకుంటారు. అది సుమారు వంద చదరపు కిలోమీటర్ల స్థలం. 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్, 1982లో వచ్చిన ఎప్‌కాట్, 1989 నాటి హాలీవుడ్ స్టూడియోస్, 1998 నాటి యానిమల్ కింగ్‌డమ్ అనే నాలుగు పార్కులు అందులో దూరదూరంగా ఉంటాయి, దేని గేటు దానిదే, దేని పార్కింగ్ దానిదే. ఒక్కో పార్కులో రోజుకు పది కిలోమీటర్లకు పైగా నడవడం మామూలు సంగతి. మీరు వదిలేయదగినది హాలీవుడ్ స్టూడియోస్ అని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడి పెద్ద ఆకర్షణల్లో చాలావరకు వేగంగా తిరిగేవీ, కుదిపేవీ కావడం వల్ల పెద్దవాళ్ళు బయట బెంచీల మీద కూర్చోవలసి వస్తుంది. మీ బాబు స్టార్ వార్స్ సినిమాలంటే ప్రాణం పెట్టే పిల్లవాడైతే మాత్రం విశ్రాంతి రోజున అతన్నీ, నాన్ననూ అక్కడికి విడిగా పంపండి.

తేదీల విషయంలో మీకు ఒక మంచి వీలుంది. మన దగ్గర బడులకు ఏప్రిల్ ఆఖరున సెలవులు వచ్చేస్తాయి. అమెరికాలో చాలా బడులు మే ఆఖరు దాకా, కొన్ని రాష్ట్రాల్లో జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. అందుచేత మే మొదటి మూడు వారాలు మీకు సెలవులు, ఇక్కడి కుటుంబాలకు పని రోజులు. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నుంచి రద్దీ పెరుగుతుంది. వారాంతం తప్పించి సోమవారం నుంచి శుక్రవారం మధ్యలో పెట్టుకుంటే మరీ మంచిది. జూన్ మొదలైతే ఎండ, ఉక్కతో పాటు మధ్యాహ్నం ఉరుములతో వాన దాదాపు రోజూ పడుతుంది, పిడుగుల భయం ఉన్నంతసేపూ ఆరుబయట రైడ్లు ఆపేస్తారు.

టికెట్ ధర తేదీని బట్టీ, పార్కును బట్టీ మారుతుంది. 2025లో ఒక రోజు టికెట్ సుమారు 119 డాలర్ల నుంచి క్రిస్మస్ రోజుల్లో 199 డాలర్ల వరకు ఉండేది, పన్ను అదనం. రోజులు పెరిగేకొద్దీ రోజుకు పడే ఖర్చు తగ్గుతుంది కాబట్టి మూడు రోజుల టికెట్ రెండు రోజులదాని కంటే మీరు భయపడినంత ఎక్కువ కాదు. మూడు రోజుల టికెట్‌ను మొదటి రోజు నుంచి లెక్కపెట్టి ఐదు రోజుల్లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు, కనుక మధ్యలో విశ్రాంతి రోజు పెట్టుకోవడానికి అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు. ఒకే రోజు రెండు పార్కుల్లో తిరగనిచ్చే హాపర్ టికెట్ మీకు అవసరం లేదు. మూడేళ్ళ లోపు పిల్లలకు టికెట్ ఉండదు, మూడు నుంచి తొమ్మిదేళ్ళ వరకు పిల్లల ధర, పదేళ్ళు నిండితే పెద్దల ధర, కాబట్టి బాబు పుట్టినరోజు ఎప్పుడో ఒకసారి చూసుకోండి. ఎవరి టికెట్ వారే వాడాలి, గేటు దగ్గర వేలిముద్ర తీసుకుంటారు. అందువల్ల ఎవరో వాడగా మిగిలిన టికెట్లు తక్కువకు ఇస్తామంటే కొనవద్దు. డిస్నీకి దగ్గర్లోని ఓర్లాండో నగరం చుట్టుపక్కల దాదాపు ఉచితంగా టికెట్లు ఇస్తామనే బోర్డుల వెనుక చాలాచోట్ల ఉండేది టైమ్‌షేర్ ఇళ్ళు (ఏడాదిలో కొద్ది రోజులు వాడుకునేలా వాటాలుగా అమ్మే సెలవు ఇళ్ళు) అమ్మజూపే గంటల తరబడి ప్రసంగం, పెద్దవాళ్ళను అలాంటి చోట కూర్చోబెట్టవద్దు.

బసకు పక్కనే ఉన్న కిస్సిమీ వైపు వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం ఆరుగురికి అనువు. డిస్నీ సొంత హోటళ్ళలో దిగినవారికి ప్రతి పార్కులోకీ అరగంట ముందు ప్రవేశం, పార్కుల దాకా ఉచిత బస్సులు ఉంటాయి. నలుగురి కుటుంబమైతే నేను వాటినే సూచించేదాన్ని. పెద్దవాళ్ళు ఉన్నప్పుడు రాత్రి వేడి అన్నం, చారు దొరకడం ఆ అరగంట కంటే విలువైనదని మా ఇంట్లో తేలింది.

ఇక మ్యాజిక్ కింగ్‌డమ్ రోజు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే అందరూ మొదట అక్కడికే వెళతారు, అలసిపోయేదీ అక్కడే. కారులో వెళితే కారు ఆపిన చోట పార్కు ఉండదు. మధ్యలో పెద్ద చెరువు ఉంటుంది, దాన్ని ఫెర్రీ మీద దాటాలి లేదా మోనోరైలు ఎక్కి చుట్టి రావాలి. అందుకని తొమ్మిదింటికి గేటు తీస్తే మీరు ఎనిమిదింటికే పార్కింగ్‌లో ఉండాలి. తొలి రెండు గంటల్లో వరుసలు పొట్టిగా ఉంటాయి, పాపకు నచ్చే పీటర్ పాన్ లాంటి రైడ్లు, బాబు ఎదురుచూసే కోస్టర్లు అప్పుడే పూర్తి చేసుకోవాలి. పదకొండు దాటాక ప్రతిదానికీ గంట చొప్పున నిలబడాల్సి వస్తే పిల్లల కంటే ముందు మామగారి మోకాళ్ళు చెబుతాయి. ఆ వేళకు ఆ పార్కులోని టుమారోలాండ్ అనే భాగంలో పీపుల్‌మూవర్ అనే చిన్న బండి ఎక్కండి. పార్కు మీదుగా ఎత్తున నెమ్మదిగా సాగుతుంది, కుదుపు ఉండదు, వరుస త్వరగా కదులుతుంది, పది నిమిషాల పాటు గాలి తగులుతుంది. మా అమ్మ దిగగానే మళ్ళీ ఎక్కుదామంది.

రైడ్లు ఎక్కడానికి పిల్లల ఎత్తు నిబంధన చాలా కచ్చితం. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కు 44, ట్రాన్‌కు 48 ఉండాలి. బయలుదేరే ముందు ఇంట్లో గోడకు నిలబెట్టి ఇద్దరు పిల్లలనూ కొలవండి, అర అంగుళం తక్కువైనా ఎక్కనివ్వరు, అక్కడ వరుస చివర నాలుగేళ్ళ పాపకు ఆ మాట చెప్పడం కంటే ముందే తెలిసి ఉండటం మేలు. పాప ఎక్కలేని వాటికి రైడర్ స్విచ్ అనే ఏర్పాటు ఉంది: ఒకరు పాపతో బయట ఉంటే రెండోవారు బాబుతో వెళ్ళి వస్తారు, తరువాత బయట ఉన్నవారు మళ్ళీ మొదటి నుంచి పెద్ద వరుసలో నిలబడకుండా ఎక్కవచ్చు. వరుస మొదట్లో ఉన్న ఉద్యోగికి ముందే చెప్పాలి.

వరుసలు తప్పించుకునే లైట్నింగ్ లేన్‌కు విడిగా డబ్బు కట్టాలి, ధర రోజురోజుకూ మారుతుంది. బయటి ఇంట్లో దిగినవారు పార్కుకు వెళ్ళే రోజుకు మూడు రోజుల ముందు, అక్కడి సమయం ఉదయం ఏడు గంటలకు ఫోన్ యాప్‌లో కొనాలి, డిస్నీ హోటల్లో దిగినవారికి ఏడు రోజుల ముందే వీలవుతుంది. మీరు మ్యాజిక్ కింగ్‌డమ్ రోజుకు మాత్రం మల్టీ పాస్ (చాలా రైడ్లకు కలిపి ఇచ్చే లైట్నింగ్ లేన్) కొనుక్కోండి, మిగతా రెండు పార్కులకు పొద్దున్నే వెళితే చాలు. అత్తమామలు రైడ్లు పెద్దగా ఎక్కకపోతే వారి కోసం కొనవద్దు, కుటుంబంలో కొందరికే కొనవచ్చు.

చక్రాల కుర్చీ మాట ఎత్తితే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారని మీరు రాశారు. హైదరాబాదు, అట్లాంటా విమానాశ్రయాల్లో వీల్‌చెయిర్ పెట్టించుకోవడానికి వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు కదా, ఇక్కడ నడక అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. గేటు లోపలే అద్దెకు దొరుకుతాయి, ముందు వచ్చినవారికి ముందు ఇస్తారు. ఒక్కటి తీసుకుని ఇద్దరూ వంతులవారీగా కూర్చున్నా సాయంత్రానికి తేడా తెలుస్తుంది. మా నాన్న మొదట దాన్ని తోసుకుంటూ మాత్రమే నడిచారు, మధ్యాహ్నం తరువాత మేమేమీ అనకుండానే కూర్చున్నారు.

ఎప్‌కాట్ పెద్దవాళ్ళకు అన్నిటికంటే బాగుంటుంది. అక్కడ ది ల్యాండ్ అనే భవనంలో లివింగ్ విత్ ది ల్యాండ్ అనే పడవ ప్రయాణం ఉంది. మామగారికి వ్యవసాయం ఉందన్నారు కాబట్టి దీన్ని తప్పక చూపించండి. పడవ గాజు కప్పు కింద ఉన్న తోటల గుండా నెమ్మదిగా వెళుతుంది. మట్టి లేకుండా నీళ్ళలోనే పెంచే ఆకుకూరలు, వేళ్ళు గాలిలో వేలాడుతుండగా పోషకాల నీటిని చిమ్మించుకునే మొక్కలు, చెట్టులా పైకి కట్టి పందిరిలా పాకించిన టమాటా, తలకాయంత నిమ్మజాతి కాయలు చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తాయి. అక్కడ పండిన కూరగాయల్లో కొన్నిటిని పార్కు భోజనశాలల్లోనే వాడతారు. మా నాన్న మిరప పండించిన మనిషి, ఆ పడవలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి, ఎరువు నీళ్ళు ఏ గొట్టంలో వస్తున్నాయో వెతుక్కుంటూ కూర్చున్నారు. ఆయన్ను డిస్నీలో ఏం చూశారని ఎవరడిగినా ఇప్పటికీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని కోట గురించి చెప్పరు, ఆ టమాటా గురించే చెబుతారు. అదే పార్కులో చెరువు చుట్టూ మెక్సికో నుంచి కెనడా వరకు పదకొండు దేశాల మండపాలు ఉంటాయి, సాయంత్రం చల్లబడ్డాక అటు వెళ్ళండి.

యానిమల్ కింగ్‌డమ్‌లో పొద్దున్నే సఫారీ బండి ఎక్కాలి, ఎండ ముదిరితే చాలా జంతువులు నీడకు చేరతాయి. అక్కడి ఆసియా భాగంలో పులులు తిరిగే చోటు పాత రాజభవనంలా మన దేశపు పోలికలతో కట్టారు, అత్తగారికి నచ్చుతుంది. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయవచ్చు.

భోజనం గురించి బెంగ అక్కర్లేదు. బయటి తిండి లోపలికి తీసుకువెళ్ళనిస్తారు, గాజు సీసాల్లో ఉండకూడదు, మళ్ళీ వేడి చేయవలసినది కాకూడదు, ఘాటైన వాసన రాకూడదు. పులిహోర, చపాతీ చుట్టలు, జంతికలు బాగా సరిపోతాయి, ఆవకాయ సీసా మాత్రం ఇంట్లోనే ఉంచండి. విడి ఐసు ముక్కలు తేనివ్వరు, గడ్డకట్టించే జెల్ సంచులు పెట్టుకోవచ్చు. తినుబండారాల కౌంటర్ల దగ్గర అడిగితే ఐసు నీళ్ళు ఉచితంగా ఇస్తారు. ఒక పూట కూర్చుని తినాలనిపిస్తే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లోని సనా భోజనశాలలో నాన్, పచ్చళ్ళు దొరుకుతాయి, కిటికీలోంచి జిరాఫీలు కనిపిస్తాయి, దానికి అరవై రోజుల ముందు నుంచే చోటు రిజర్వు చేసుకోవచ్చు.

మేలో ఉండే 32 డిగ్రీలు గుంటూరు వాళ్ళకు ఎండే కాదనిపిస్తుంది. గుంటూరులో ఆ వేళకు మనం తలుపులు వేసుకుని ఫ్యాను కింద ఉంటాము, ఇక్కడ సిమెంటు బాట మీద నడుస్తూ ఉంటాము. అలవాటైన చెప్పులు, టోపీలు, పలచని వాన కోట్లు, ఫోన్లకు పవర్ బ్యాంకు ఉంచుకోండి, సెల్ఫీ స్టిక్కు లోపలికి రానివ్వరు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రాత్రి బాణసంచా అయ్యాక వేలమంది ఒకేసారి మోనోరైలు వైపు నడుస్తారు, వాళ్ళతో కదలకుండా గేటు దగ్గరి మెయిన్ స్ట్రీట్ అనే వీధిలో అరగంట కూర్చుని బయలుదేరండి. అట్లాంటా నుంచి కారులో దాదాపు ఏడు గంటల దారి కాబట్టి వచ్చిన రోజునే పార్కు పెట్టుకోవద్దు.

మీ తేదీలు, ఇద్దరు పిల్లల ఎత్తులు రాస్తే ఏ రోజుకు ఏ పార్కు, ఏ రైడ్లు ముందు అన్నది వరుసగా చెప్పగలను.