ఫోను ఎవరి జేబులో ఉందో ముందు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

మునుగోడు వైపు పత్తి రైతుల కోసం తయారవుతున్న సలహాల యాప్ బృందంలో మానవశాస్త్ర పరిశోధకురాలిగా చేరావని తెలిసి సంతోషించాను. అయితే, నిన్ను ఎందుకు తీసుకున్నారో ముందుగా తేల్చుకో. రైతులను ఒప్పించి యాప్ వాడించడానికే అయితే ఆ పని ప్రచారకులు నీకంటే బాగా చేస్తారు. ఊరి లెక్క ఏమిటో ఇంజనీర్లకు తెలియజెప్పడమే నీ పని.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, వాన పడింది కాబట్టి విత్తనం పెట్టవచ్చని ఒక ఇంటికి సందేశం వచ్చింది. ఆ ఇంటి పెద్దమ్మ చెలకలోకి వెళ్లి, వేళ్లు మునిగేంత తవ్వి, పిడికెడు మట్టి పిసికి చూసి, "ఇంకా పదును కాలేదు బిడ్డా" అంటూ, అంటే విత్తడానికి సరిపడా తడి నేలలోకి దిగలేదంటూ, విత్తనాల సంచి మళ్లీ ఇంట్లో పెట్టింది. వానను మిల్లీమీటర్లలోనే లెక్కించే ఆ యాప్‌కు చెలక (ఎర్రనేల) పదును వేరు, రేగడి (నల్లనేల) పదును వేరు అని ఎవరూ చెప్పలేదు. మా నివేదికలో ఆ ఇల్లు "సలహా పాటించనివారు" అనే గడిలో చేరింది. ఆ గడి నింపింది నేనే.

రైతు అంటే ఎవరో కూడా అడుగు. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే అందినట్టు, పాసుపుస్తకాన్ని బట్టి జాబితా తయారుచేస్తే కౌలు రైతు అందులో కనిపించడు. కలుపు తీసేదీ పత్తి ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే అయినా, నమోదయ్యే నంబరు ఇంటాయనది. పాలమూరు నుంచి ఆయన వలస వెళ్లి ఉంటే, పురుగు హెచ్చరిక ముంబైలో ఏ కట్టడం మీదో, సిమెంటు మోస్తున్న మనిషి జేబులో మోగుతుంది.

వరంగల్ పత్తి రైతుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ 2007లో ఒక సంగతి చెప్పాడు: విత్తన రకాలు త్వరత్వరగా మారిపోతుంటే, రైతు తన చేనులో పరీక్షించి నేర్చుకునే వీలు పోయి, పక్కవారిని చూసి కొనడం మొదలవుతుంది. యాప్ ఆ నేర్పును నిలబెడుతుందో, ఇంకా తగ్గిస్తుందో ప్రశ్నాపత్రంతో తేలదు. అవే ఇళ్లకు కనీసం రెండు వానకాలాలు వెళ్లాలి.

మృగశిర కార్తెలోనే వెళ్లు. సాయంత్రాలు ఎరువుల దుకాణం ముందు బల్ల మీద కూర్చో. మందులు ఉద్దెరకు తెచ్చుకున్న రైతు, ఫోను ఏం చెప్పినా, దుకాణదారు మాట కాదనలేడు. ఆ బేరం ఏ సర్వేలోనూ దొరకదు. మొదటి వారం మాత్రం నోటుపుస్తకం సంచిలోంచి తీయకు.