కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి చిక్కుకున్న అక్క కోసం ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

మీ అక్క కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఎనిమిది నెలలైంది, నాలుగు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది, గడప దాటనివ్వరు, ఎవరికి చెప్పుకోవాలి అని అడిగారు. చదవగానే మా పిన్ని గుర్తొచ్చింది. మాది రాజోలు వైపు. 2022లో పిన్ని కూడా ఇలాగే ఇరుక్కుపోయింది. అప్పుడు మేం చేసిన పనులు, తప్పులు రెండూ చెబుతాను.

"రెండేళ్ల అగ్రిమెంటు, మధ్యలో వస్తే రెండు లక్షలు కట్టాలి" అని ఏజెంట్ మీకూ చెప్పే ఉంటాడు. ఆ మాటకి భయపడి మేం రెండు నెలలు నోరు మూసుకు కూర్చున్నాం. మీరు అలా చేయకండి. జీతం ఎగ్గొట్టి, పాస్‌పోర్టు లాక్కుని, ఇంట్లో పెట్టి తాళం వేస్తే దాన్ని ఉద్యోగం అనరండి, వెట్టిచాకిరీ అంటారు. కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం తెచ్చారు. రోజుకి 12 గంటలు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, మనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. అంటే అక్కడి చట్టం ప్రకారమే మీ అక్కకి అన్యాయం జరుగుతోంది.

ఫిర్యాదు కంటే ముందు వివరాలు కావాలి. మేం ఎక్కువ రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. పిన్నికి తానున్న ఏరియా పేరు కూడా తెలీదు. వాళ్ల మామా (ఇంటి యజమానురాలిని అక్కడ అలాగే పిలుస్తారు) ఫోన్ లాక్కుని, రాత్రి పది నిమిషాలు ఇచ్చేది. పిన్ని బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో గుసగుసగా వాయిస్ మెసేజ్ పెట్టేది. వాట్సాప్‌లో లొకేషన్ ఎలా పంపాలో మూడు రాత్రులు చెబితే మూడో రాత్రి వచ్చింది. మీరూ అది తెప్పించండి. దాంతోపాటు పాస్‌పోర్టు నంబరు, వీసా కాపీ, సివిల్ ఐడీ (కువైట్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉంటే దాని నంబరు, కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) పేరు, ఫోన్ నంబరు సంపాదించండి. ఏజెంట్‌కి డబ్బులు పంపిన రసీదులు, అతని మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు.

ఇవి చేతికి రాగానే విదేశాంగ శాఖ వారి 'మదద్' వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. ఇక్కడున్న కుటుంబ సభ్యులు పెట్టవచ్చు, ఒక నంబరు వస్తుంది, కేసు ఎక్కడిదాకా వచ్చిందో అందులో కనిపిస్తుంది. అవే వివరాలు కువైట్‌లోని భారత రాయబార కార్యాలయానికి మెయిల్ చేయండి. ఏపీ వాళ్లయితే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి (ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) కూడా చెప్పండి, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. మేం వీటితోపాటు ఒక సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం, అప్పట్లో దాన్ని స్పందన అనేవాళ్లు. ఒక్కచోట పెట్టి ఎదురుచూడడం కంటే అన్నిచోట్లా ఒకేసారి పెట్టడమే మంచిదని నా అనుభవం.

ఇక మా పెద్ద తప్పు. కంగారులో మా బాబాయ్ "పారిపోయి వచ్చెయ్" అని పిన్నికి చెప్పేశాడు. దయచేసి అలా చెప్పకండి. దిక్కు తెలియకుండా బయటపడితే కల్లివెల్లి (యజమానిని వదిలేసి చట్టవిరుద్ధంగా ఉంటున్న మనిషి) అయిపోతుంది. కఫీల్ పారిపోయిందని కేసు పెట్టాడంటే తిరిగి రావడం ఇంకా కష్టం. దొంగతనం కూడా అంటగట్టేవాళ్లు ఉన్నారు. బయటికొచ్చే అవకాశమే దొరికితే మధ్యలో ఎవరింటికీ వెళ్లకుండా ట్యాక్సీ ఎక్కి నేరుగా ఎంబసీకి వెళ్లమనండి. ఇళ్ల నుంచి వచ్చేసిన ఆడవాళ్లకి అక్కడ షెల్టర్ ఉంది. కొడుతున్నారు, ప్రాణానికే భయం అంటే మాత్రం పోలీసులకి ఫోన్ చేయాలి. కువైట్‌లో కూడా నంబరు 112నే.

పిన్ని చివరికి షెల్టర్‌కి చేరింది. పాస్‌పోర్టు రాలేదు, ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేకున్నా ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం) ఇచ్చారు. టిక్కెట్‌కి ఎంబసీ దగ్గర సంక్షేమ నిధి ఉంటుంది, చేతిలో డబ్బు లేనివాళ్లు అడగాలి. అడగకపోతే ఎవరూ చెప్పకపోవచ్చు. ఇంకొక్క సంగతి, అరబ్బీలో రాసిన ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని మీ అక్కకి గట్టిగా చెప్పండి. జీతమంతా ముట్టిందని ఉన్న కాగితం మీద పిన్నితో వేలిముద్ర వేయించుకున్నారు. ఐదు నెలల జీతం అలా పోయింది.

ఇంటికొచ్చాక కూడా మనిషి వెంటనే మామూలు కాదు. క్లోరక్స్ (బ్లీచింగ్ ద్రవం) నీళ్లలో నాని పిన్ని వేళ్ల చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి మా వాకిలి రెండుసార్లు ఊడ్చేది, ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి నిలబడేది. ఊళ్లో వాళ్లేమో "ఎంత తెచ్చింది?" అని అడిగేవారు. మేం ఆ ప్రశ్నలు ఇంట్లోకి రానివ్వలేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కౌన్సెలింగ్ ఉచితం. పిన్నికి నిద్ర పట్టింది ఆ తర్వాతే.

ఏజెంట్‌ని వదలకండి. లైసెన్స్ లేకుండా మనుషుల్ని విదేశాలకి పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం, రెండేళ్ల వరకు జైలు. లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు. మీ పోలీస్ స్టేషన్‌లోనూ, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకి పనికి వెళ్లేవాళ్ల రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) కార్యాలయంలోనూ ఫిర్యాదు ఇవ్వండి. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, ఫోన్ 15100. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. మేం అలాగే కేసు పెట్టాక ఏజెంట్ కొంత డబ్బు వెనక్కిచ్చాడు, డ్వాక్రా బాకీ దాంతోనే తీర్చాం.

ఈ రాత్రే మీ అక్క పాత వాట్సాప్ మెసేజ్‌లు వెతకండి. వెళ్లే రోజు ఏజెంట్ పంపిన వీసా ఫొటో అందులో ఉండే ఉంటుంది.