జీతం పెంచినా ఐసీయూ నర్సులు ఎందుకు మానేస్తున్నారు?

జీతం చిన్న విషయం కాదు. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా వేతనం ఇవ్వాలని, సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన నిపుణుల కమిటీ 2016లోనే సిఫారసు చేసింది. చాలాచోట్ల అది నేటికీ కాగితం మీదే ఉంది. అయితే జీతం పెరిగినా వెళ్లిపోతున్నారంటే, నా దృష్టిలో అసలు కారణం నైతిక వేదన. ఏది సరైనదో తెలిసి కూడా సంస్థ కట్టుబాట్ల వల్ల చేయలేని స్థితికి 1984లో అమెరికన్ తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ ఈ పేరుతో నిర్వచనం ఇచ్చారు.

కోలుకునే ఆశ లేని రోగికి వారాల తరబడి వెంటిలేటర్ నడుస్తుంది. గొట్టంలోంచి కఫం తీసేదీ, పుండ్లు పడకుండా పక్కకు తిప్పేదీ, ఆ నొప్పిని ముఖంలో చూసేదీ నర్సే. బయట కుటుంబం పొలం అమ్మి బిల్లు కడుతుంటుంది. "మా నాన్న బాగవుతాడా సిస్టర్?" అని అడిగేది కూడా ఆమెనే. నిజం చెప్పే అధికారం మాత్రం ఆమెకు ఉండదు. ఇది అలసట కాదు, సెలవు పెడితే తీరదు.

గౌరవంగా మరణించే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, ముందస్తు వైద్య నిర్దేశాల (కోలుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రాల) విధానాన్ని 2023లో సులభం చేసింది. దాన్ని అమలు చేసే ఏర్పాటు ఆసుపత్రిలో ఉండాలి. చికిత్స కొనసాగింపుపై చర్చలో నర్సును కూర్చోబెట్టాలి, అభ్యంతరం చెప్పినందుకు డ్యూటీలు మార్చి వేధించకూడదు. వెంటిలేటర్ రోగికి ఒక నర్సు చొప్పున ఉండాలి. ఇవేవీ చేయకుండా, నర్సుల సర్టిఫికెట్లు ఆసుపత్రి తన దగ్గర పెట్టుకుని వాళ్లు మానేయకుండా ఆపడం మాత్రం అన్యాయం.