డ్రమ్ జర్నీలో చీకటి తప్ప ఏమీ కనిపించకపోతే

డ్రమ్ జర్నీ అంటే కళ్లు మూసుకుని, ఒకే లయలో మోగే డ్రమ్ వింటూ ఊహలో మరో లోకంలోకి దిగడం. మూడుసార్లు పావుగంట చొప్పున డ్రమ్ విన్నా చీకటే అన్నారు. దిగే దారి ఎంచుకోకుండానే మొదలెట్టినట్టున్నారు.

మీ రికార్డింగు ఈ పద్ధతి నేర్పిన అమెరికన్ మానవశాస్త్రవేత్త మైకేల్ హార్నర్ బాపతు, నిమిషానికి 205-220 దెబ్బలు. ఆ పద్ధతిలో కింది లోకానికి, అంటే ఊహలో నేల కింద చేరే చోటికి, దిగే ద్వారం మీరు కళ్లారా చూసిన చోటై ఉండాలి. చెట్టు తొర్ర, గుహ, ఊట, ఏదైనా సరే. చాలామంది వదిలేసేది ఇదే. నాకు అమ్మమ్మ ఊరి దిగుడుబావి పనికొచ్చింది. ఏడో మెట్టు విరిగి ఉండేది, పాచికి కాలు జారేది.

1. డ్రమ్ పెట్టకముందే ఆ చోటి వాసన, తడి గుర్తుచేసుకోండి.
2. ఒక్క ప్రశ్నే తీసుకెళ్లండి. "నా జీవితం మారాలి" అంటే కుదరదు. "అన్నయ్యతో మాట్లాడాలంటే ముందు దేన్ని వదలాలి?" లాంటిది అడగండి.
3. కళ్లపై గుడ్డ వేసుకోండి. తిన్న వెంటనే వద్దు, గురకే మిగులుతుంది.
4. ఏడేసి దెబ్బలు నాలుగుసార్లు వినిపిస్తే అది వెనక్కి పిలుపు. దిగిన దారినే పైకి రండి. లేవగానే చూసింది నోటితో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

బొమ్మ కనిపించకపోయినా చలి గానీ చప్పుడు గానీ తగిలితే లెక్కే. మూర్ఛకో మానసిక సమస్యకో మందులు వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే.