పచ్చ చుక్క చూసి తాగిన బబుల్ టీలో పాలు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కాకినాడ. ఏడాదిన్నరగా వీగన్‌ని. పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏవీ ముట్టను. గత నెల స్నేహితులతో రాజమండ్రి వెళ్లినప్పుడు ఒక బబుల్ టీ షాపులో "నేను వీగన్‌ని, పాలతో చేసినవేవీ తాగను, ఏది తాగొచ్చు?" అని అడిగాను. కౌంటర్లో అబ్బాయి టారో టీ (చేమదుంప రుచిది) చూపించి "ఇది నాన్ డెయిరీయేనండి, పాలు అస్సలుండవు, ప్యాకెట్ మీద పచ్చ చుక్క కూడా ఉంది" అన్నాడు. రూ.180 ఇచ్చి తాగాను. అనుమానం వచ్చి, టీలో పాలకు బదులు కలిపే పొడి ప్యాకెట్‌ని ఫొటో తీశాను. అందులో పాల పదార్థం ఉంది. పైగా టీలో వేసే నల్ల ఉండల్ని తేనెలో నానబెడతారని స్నేహితురాలు చెప్పింది. పచ్చ చుక్క పెట్టి పాలు కలపడం మోసం కాదా? కేసు వేస్తే రాజమండ్రి తిరగాలా? అసలు బబుల్ టీ వీగనేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: కేసు వేయొచ్చు. రాజమండ్రి తిరగక్కర్లేదు. అయితే పచ్చ చుక్కని పట్టుకుని వెళ్తే మొదటి వాయిదాకే దెబ్బ తింటారు.

మీరు పంపిన ఫొటోని పెద్దది చేసి చూశాను. ప్యాకెట్ ముందు వైపు 'నాన్ డెయిరీ క్రీమర్' అని అరంగుళం అక్షరాలు. వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో, గ్లూకోజ్ సిరప్, పామాయిల్ తరవాత మూడో పేరు సోడియం కేసినేట్. ఇది పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ నుంచే తీస్తారు. టీకి చిక్కదనం, తెల్లదనం ఇచ్చే పనిలో దానికీ భాగముంది. కింద అలర్జీ హెచ్చరికలో 'కంటైన్స్ మిల్క్' అని కూడా ఉంది. ముందు పాలు లేవన్న ప్యాకెట్టే వెనక పాలున్నాయంటోంది. ఈ విడ్డూరం మీ ఒక్క షాపుది కాదు. ఆ పొడుల వ్యాపారమంతటా ఉన్నదే.

మరి పచ్చ చుక్క ఎలా పెట్టారంటారా? చట్టప్రకారమే పెట్టారు. 2020 నాటి లేబెలింగ్ నిబంధనల్లో మాంసాహారం అంటే ఏమిటో రాస్తూ పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్కలను అందులోంచి మినహాయించారు. కాబట్టి ఇవి ఎన్ని ఉన్నా చుక్క పచ్చగానే ఉంటుంది. మన ఇళ్లలో శాకాహారి అంటే గడ్డపెరుగు లేనిదే విస్తరి ముందు నుంచి లేవనివాడే కదా, చట్టమూ అదే లెక్క పట్టుకుంది. ఆ చుక్క మీకు బొత్తిగా పనికిరాదనీ కాదు. పుడ్డింగుల్లో, జెల్లీల్లో వేసే జెలటిన్ గాని, పురుగుల నుంచి తీసే కార్మైన్ ఎరుపు గాని ఉంటే గోధుమరంగు త్రికోణం పెట్టాల్సిందే. ఆ రెండింటి వరకు పచ్చ చుక్క భరోసా. పాలకీ తేనెకీ కాదు.

వీగన్‌కి వేరే నిబంధనలున్నాయి. 2022లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ తెచ్చిన వీగన్ ఆహార నిబంధనల ప్రకారం, ఏదైనా వస్తువుని వీగన్ అని అమ్మాలంటే అందులో, దాని తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధమైనదేదీ ఉండకూడదు. రంగులు, రుచులు, తయారీకి వాడి వదిలేసే పదార్థాలూ అందులోకే వస్తాయి. దానికి ఆకు మొలిచినట్టుండే ఆకుపచ్చ 'వి' గుర్తు ఉంది. మీ ప్యాకెట్ మీద ఆ గుర్తు లేదు. షాపు బోర్డు మీద వీగన్ అని రాసినట్టూ మీరు చెప్పలేదు. అంటే ఆ నిబంధనలు కూడా నేరుగా మీకు పెద్దగా అక్కరకు రావు.

ఇక మిగిలింది మీరు కౌంటర్లో అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబు. నా దృష్టిలో కేసంతా అక్కడే ఉంది. మీరు ఊరికే ఒక టీ కొనుక్కుని తరవాత బాధపడి ఉంటే ఈ ఉత్తరానికి జవాబు రెండు వాక్యాల్లో అయిపోయేది. ఫలానాది తాగను అని ముందే చెప్పి, అది లేనిదే ఇవ్వమని అడిగి, ఉండదని చెప్పించుకుని కొన్నారు. ఆహార భద్రత చట్టం 2006లో 50వ సెక్షన్ సరిగ్గా దీని కోసమే ఉంది: కొనేవాడు కోరిన స్వభావం, పదార్థం, నాణ్యత లేని ఆహారాన్ని అతనికి నష్టం కలిగేలా అమ్మితే రూ.5 లక్షల దాకా జరిమానా. లైసెన్సు అక్కర్లేకుండా రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టుకునే చిన్న వ్యాపారులకైతే రూ.25 వేలు మించదు. షాపు ఏ కోవలోదో బిల్లు మీదే తెలుస్తుంది. బిల్లులో ఉండే 14 అంకెల ఆహార భద్రత (FSSAI) నంబరు 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే రిజిస్ట్రేషన్.

"ఆ కుర్రాడికేం తెలుసండి, ప్యాకెట్ మీద ఉన్నదే చెప్పాడు" అని షాపు యజమాని అంటాడు. అననివ్వండి. అబద్ధమాడాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నది ఈ జరిమానాకి ముఖ్యం కాదు. తెలియకపోతే తెలియదని చెప్పి ప్యాకెట్ మీ చేతికి ఇవ్వాల్సింది. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు రామ్ గవా రక్షా దళ్ కేసులో, ఆహారంలో వాడినవి మొక్కల నుంచి వచ్చాయా, జంతువుల నుంచి వచ్చాయా అన్నది కొనేవాళ్లకి పూర్తిగా తెలియాలని, ఎంత సూక్ష్మమైన పాళ్లలో ఉన్నా మినహాయింపు లేదని చెప్పింది. తినేదేమిటో తెలుసుకునే హక్కుని రాజ్యాంగ హక్కులతో ముడిపెట్టింది. మన రాష్ట్రంలోని వినియోగదారుల కమిషన్‌కి అది తప్పక పాటించాల్సిన తీర్పు కాకపోయినా, ఉదహరించడానికి గట్టిదే.

ఒక సంగతి ముందే చెప్పాలి. 50వ సెక్షన్ కింద పడే జరిమానా సర్కారు ఖజానాకి పోతుంది, మీకు పైసా రాదు. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గాని, అక్కడి ఆహార భద్రత అధికారికి గాని ఫిర్యాదు చేస్తే, విచారణ జాయింట్ కలెక్టర్ ముందు నడుస్తుంది. మీ డబ్బు, పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. వస్తువులో ఏమున్నదో తప్పుగా చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదు మీరు ఉండే చోటే వేయొచ్చు, అంటే కాకినాడ కమిషన్లోనే. ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చుని కూడా దాఖలు చేయొచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. (ఈ మాట వకీలుగా నేను రాయకూడదేమో గానీ, రూ.180 టీకి వకీలుని పెట్టుకుంటే టీ కంటే ఆయనే ఖరీదు.) పరిహారం లక్షల్లో వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ముందు షాపుకి స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి: ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏమడిగారు, ఏమన్నారు, ప్యాకెట్ మీద ఏముంది. అంతే రాయండి. తేనె ముక్క అందులో పెట్టొద్దు. అది స్నేహితురాలి మాట, మీరు చూసింది కాదు. మేం బెల్లం పాకమే వాడతామని వాళ్లు చూపిస్తే, మీ అసలు మాట కూడా పలచనైపోతుంది. పక్కనే ఉండి ఆ సంభాషణ విన్న స్నేహితుల్లో ఒకరి చేత అఫిడవిట్ వేయించండి. మీ ప్రశ్నకి రాతలో సాక్ష్యం లేదు కాబట్టి, ఆ నోటి సాక్ష్యమే మీకు దిక్కు.

అదే టీ మళ్లీ కొని పరీక్షకి పంపాలనుకుంటే ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ఆ వీలు ఇస్తోంది. అయితే కొనేటప్పుడే "దీన్ని ఫుడ్ ఎనలిస్టుకి పంపిస్తున్నాను" అని షాపువాళ్లకి చెప్పాలి. చాటుగా కొని పంపితే ఆ రిపోర్టుకి విలువ ఉండదు. ఆ మాట వినగానే ఆ రోజు టారో అయిపోయిందంటారు, అది వేరే సంగతి.

ఈలోగా షాపు పేరు పెట్టి 'దొంగలు' అని ఇన్‌స్టాలో రాయకండి. జరిగింది జరిగినట్టు రాయడం వేరు, తిట్టడం వేరు. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష ఉంది. ఫిర్యాదీగా ఉన్న మీరు ముద్దాయి అయి కూర్చోవడం దేనికి?

అసలు బబుల్ టీ వీగనేనా అని కూడా మీ ఉత్తరం చివర్లో అడిగారు. టీ డికాక్షన్ వీగనే. 1980లలో తైవాన్‌లో పుట్టిన ఈ టీలోని నల్ల ఉండలు కర్రపెండలం పిండితో చేసేవి. పెద్దాపురం, సామర్లకోట మిల్లుల్లో సగ్గుబియ్యం అయ్యే దుంపే అది. చప్పరిస్తే పటుక్కున చిట్లే పండ్ల రసం బుడగలకి సాధారణంగా సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ పొర ఉంటుంది. చిక్కంతా పాలపొడి, తేనె, పుడ్డింగుల దగ్గరే. కోనసీమ పక్కన ఉండి కొబ్బరిపాలతో ఈ టీ చేసే షాపు ఒక్కటీ నా కళ్లబడకపోవడం నాకు ఇప్పటికీ వింతే. ఈసారి అడిగేటప్పుడు 'నాన్ డెయిరీయా' అనొద్దు. 'కేసినేట్ ఉందా, తేనె ఉందా' అని పేర్లతో అడగండి, వీలైతే వాళ్ల వాట్సాప్ నంబరుకి మెసేజ్ పెట్టి జవాబు తెప్పించుకోండి.

మీ బిల్లు థర్మల్ కాగితం మీద ఉంది. కొన్ని నెలల్లో అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితమే మిగులుతుంది. రేపు జిరాక్స్ షాపు తెరవగానే రెండు కాపీలు తీయించుకుని, యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్‌తో కలిపి దాచండి.